ఐదుగురా, ఆరుగురా?

మా నాయనమ్మని ఎవరైనా "ఎంతమంది పిల్లలమ్మా?" అని అడిగితే "ఆరుగురు" అనేది. పక్కనే కూర్చున్న మా నాన్న "ఐదుగురే" అని దిద్దేవాడు. ఆమె ఇంకేం మాట్లాడేది కాదు. నాన్నే పెద్దవాడు, 1951లో పుట్టాడు. తన కంటే ముందు ఎవరూ లేరని ఆయన నమ్మకం. కడుపులోనే పోయిన బిడ్డని ఎవరినో కలిపి లెక్కేస్తోందిలే అనుకునేవాడు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం, చిక్కడపల్లి ఇంట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నాకు మాత్రం చెప్పింది. "నీకో మేనత్త ఉండె బిడ్డా. మీ నాయిన కంటె ముందుగాల. నడువ నేర్వకముందే అమ్మవారు పోసి పోయింది. గీ చిక్కడపల్లిలనే" అని. ఒక పేరు కూడా చెప్పింది. నేను "ఊఁ" అని బ్యాటు తీసుకుని వెళ్ళిపోయాను. ఆ తర్వాత నాయనమ్మ చాలా ఏళ్ళు బతికింది. నేను మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు. 2004లో ఆమె పోయింది. చివరి రెండేళ్ళు మతిమరుపు, అందుకే అప్పుడు ఎన్నిసార్లు "ఆరుగురు" అన్నా అది మతిమరుపు ఖాతాలోకే పోయింది.

సరే, అసలు సంగతికొస్తాను. ఈ వెతుకులాట మొదలైంది మేనత్త కోసం కాదు, నా కోసం. అమెరికాలో ఉన్నప్పుడు గ్రీన్‌కార్డుకి జనన ధ్రువీకరణ పత్రం కావాల్సొచ్చింది. ఈ బాధ మనోళ్ళందరికీ తెలిసిందే. నేను 1977లో నారాయణగూడలో ఒక చిన్న నర్సింగ్ హోంలో పుట్టాను. పత్రం తెప్పిస్తే అందులో నాన్న పేరు ఉంది, అమ్మ పేరు ఉంది, నా పేరు ఉండాల్సిన చోట ఖాళీ! తప్పు ఎవరిదీ కాదు. పుట్టిన వారంలో వివరాలు రాసిస్తారు, మనకేమో ఇరవై ఒకటో రోజు గానీ పేరు పెట్టరు. చట్టం కూడా ఈ సంగతి ఊహించే ఉంది. పేరు లేకుండానే నమోదు చేయొచ్చు, తర్వాత వచ్చి రాయించుకోవచ్చు. మా వాళ్ళు తర్వాత వెళ్ళలేదు, అంతే. నాన్నతో, మేనమామతో అఫిడవిట్లు రాయించి ఎలాగో గట్టెక్కాను. కానీ ఆ ఖాళీ గడి మాత్రం మనసులో ఉండిపోయింది. పుట్టినరోజుతో సహా అన్నీ ఉన్నాయి, మనిషే లేడు.

ఇండియాకి తిరిగొచ్చి అశోక్ నగర్‌లో ఇల్లు తీసుకున్నాక, నాకు నాయనమ్మ లెక్క గుర్తొచ్చింది. నా గడి ఖాళీగా ఉన్నట్టే ఆ పిల్లది కూడా ఎక్కడో ఉండాలి కదా అనిపించింది.

ముందు చట్టం సంగతి చెప్తాను, ఎందుకంటే వెతికేవాళ్ళకి ఇదే మొదటి అడ్డు. మన దేశంలో జనన మరణాల నమోదు తప్పనిసరి చేసింది 1969 నాటి చట్టం. చాలా రాష్ట్రాల్లో 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. అంతకుముందు బ్రిటిష్ ఇండియాలో 1886 నాటి చట్టం ఒకటి ఉండేది గానీ అది ఇష్టమైతే నమోదు చేసుకోమనేది, కొన్ని వర్గాల కోసమే పెట్టింది. పైగా మనది నిజాం రాజ్యం, ఆ చట్టం ఇక్కడ చెల్లదు. 1970కి ముందు పుట్టిన ఇండియా వాళ్ళ దగ్గర జనన పత్రం లేకపోవచ్చని అమెరికా వాళ్ళు కూడా ఒప్పుకునేది అందుకే. 2023లో ఈ చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి బడిలో చేర్చడం దగ్గర్నుంచి పాస్‌పోర్ట్ దాకా పుట్టిన తేదీకి, చోటుకి ఈ పత్రమే రుజువు. మా నాన్న తరానికి హెడ్‌మాస్టర్ నోట్లోంచి వచ్చిందే పుట్టిన తేదీ. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళ పుట్టినరోజులు ఓసారి చూడండి, జూన్, జూలై ఒకటో తారీఖులు ఎన్ని ఉంటాయో. వానాకాలంలో బడి తెరిచిన రోజున తెలంగాణ అంతా పుట్టింది :)

అయితే చట్టం లేనంత మాత్రాన రికార్డు లేదని కాదు. ఇక్కడే నాకు ఒక విషయం ఆలస్యంగా అర్థమైంది. మన తాతల కోసమని ఎవరూ రికార్డులు రాసిపెట్టలేదు. ఎవరికో ఏదో పనిబడి రాసుకున్నారు. కాబట్టి "మా ముత్తాత రికార్డు ఎక్కడుంటుంది?" అన్న ప్రశ్న దండగ. "మా ముత్తాతని లెక్కపెట్టాల్సిన అవసరం ఎవరికి పడింది?" అని అడగాలి.

ఇంగ్లండులోనే చూడండి. చర్చిల్లో బాప్టిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాయమని 1538లో ఆజ్ఞ వేశారు. లండన్‌లో వారం వారం చావుల లెక్క వేసింది ప్లేగు భయంతో. ఆ లెక్కల్ని కూర్చోబెట్టి 1662లో జాన్ గ్రాంట్ అనే బట్టల వ్యాపారి ఒక పుస్తకం వేశాడు, జనాభా గణాంకాల శాస్త్రం అక్కడే మొదలైందంటారు. పౌరులందరికీ ప్రభుత్వ నమోదు వచ్చింది 1837లో. మన ఊరికొస్తే 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద, తర్వాత ప్లేగు, 1918లో ఇన్‌ఫ్లుయెంజా. నగరంలో ఎంతమంది ఏ జబ్బుతో పోతున్నారో తెలియకపోతే మునిసిపాలిటీకి గడవదు. ఎంతమంది పుట్టారో తెలియకపోతే టీకాలవాళ్ళకి గడవదు. నారాయణగూడలో ఇప్పటికీ కుక్క కరిస్తే పరిగెత్తే ఐపీఎం ఉంది చూశారూ, ఆ ప్రజారోగ్య శాఖల ప్రపంచంలోంచే ఈ రిజిస్టర్లూ వచ్చాయి.

పల్లెల్లో అవసరం వేరు, అక్కడ శిస్తు ముఖ్యం. మా తాతది నల్లగొండ వైపు పల్లె. అక్కడ పుట్టిన లెక్క ఎవరూ రాయలేదు గానీ పట్టాదారు పోతే పట్వారీ మాత్రం తప్పకుండా రాశాడు. తెలంగాణ భూమి కాయితాల్లో "ఫౌతీ" అన్న మాట వినే ఉంటారు, చనిపోయాడని అర్థం. దాని వెంటే "విరాసత్", వారసులు. అంటే పహాణీ ఒక రకంగా మరణాల రిజిస్టరే, భూమి ఉన్నవాళ్ళకి మాత్రం. 1954-55 నాటి ఖాస్రా పహాణీ దొరికితే అందులో ఉన్న తాత పేరు పక్కన "వల్ద్" అని వాళ్ళ నాన్న పేరు ఉంటుంది. ఒక్క గడిలో రెండు తరాలు. ఆడవాళ్ళు కనబడితే "జౌజే ఫలానా", ఫలానా వాడి భార్య. భూమి లేని ఇళ్ళవాళ్ళు ఆ పుస్తకంలోనే లేరు.

పేపరు కంటే ముందు మనుషులే రికార్డులు. కొన్ని కులాల వంశాలు, గోత్రాలు పొల్లుపోకుండా అప్పజెప్పే పిచ్చకుంట్లవాళ్ళు (వంశరాజులని కూడా అంటారు) మా తాత వాళ్ళ ఊరికి వచ్చేవారట. వాళ్ళకి గింజలు, బట్టలు పెట్టి పంపేవారు. హరిద్వార్‌లో పండాల దగ్గర ఊళ్ళవారీగా కుటుంబాల వహీలు ఉంటాయి. యూటా నుంచి వంశవృక్షాల సంఘం వాళ్ళొచ్చి 1970ల్లో వాటిని మైక్రోఫిల్ము తీయడం మొదలుపెట్టారు. తర్పణాలు వదిలే ఇళ్ళల్లో మూడు తరాల పేర్లు నోటికొచ్చి తీరాలి. నాలుగో తరం వచ్చేసరికి ఒక పేరు జారిపోతుంది. మన ఇళ్ళ జ్ఞాపకానికి ఎప్పటినుంచో మూడే గడులు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఓడల జాబితాలు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన 'ట్రూరో' అనే ఓడ డర్బన్ చేరింది. దాంతో మొదలై దక్షిణాఫ్రికా చెరకు తోటలకి తెలుగువాళ్ళు వేలమంది వెళ్ళారు. ఆ కూలీల జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. మారిషస్‌కి వెళ్ళినవాళ్ళలో కొందరికి ఫోటోలు కూడా ఉన్నాయి, అక్కడ మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరిచారు. ఇందులో ఆడవాళ్ళు కూడా సొంత పేరుతో, సొంత నంబరుతో ఉన్నారు. నూరు మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళుండాలని నిబంధన మరి, ఒక్కొక్కర్నీ లెక్కపెట్టక తప్పదు. డర్బన్‌లో ఉన్న ఐదో తరం తెలుగు కుర్రాడు తన ముత్తవ్వకి అవ్వ ఏ ఊరిదో వెతికి పట్టుకోగలడు. అశోక్ నగర్‌లో కూర్చున్న నేను మా నాయనమ్మ వాళ్ళమ్మ పేరు చెప్పలేను. కూలీకి పోయినవాళ్ళ మీద ఎవరికో పెట్టుబడి ఉంది, అందుకే రాసుకున్నారు. మా ఇంటి ఆడవాళ్ళ మీద ఎవరికీ లేదు.

అందుకే నారాయణగూడ మీద నాకు కొత్తగా గౌరవం కలిగింది. మాడపాటి హనుమంతరావు గారు 1928లో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడి పెట్టించింది ఈ పేటతో ముడిపడ్డ పనే. బడి అంటే చదువొక్కటే కాదు, హాజరు పట్టీ కూడా. రోజూ ఒక మనిషి ఆ పిల్ల పేరు పిలుస్తాడు, ఆ పిల్ల పలుకుతుంది, అది కాయితం మీద పడుతుంది. ఫలానా వాడి కూతురు, ఫలానా వాడి భార్య అన్న రెండు గుర్తింపుల మధ్య ఓ నాలుగైదేళ్ళు తన పేరుతో తను ఉంటుంది. మా నాయనమ్మ బడికి పోలేదు. మా మేనత్తలు పోయారు. వాళ్ళ పుట్టిన తేదీలు ఎంత అబద్ధమైనా పేర్లు నిజం.

ఇక మేనత్త దగ్గరికి. ఆమెని లెక్కపెట్టే అవసరం ఎవరికి పడి ఉంటుంది? తాత అప్పట్లో ఆర్టీడీలో పనిచేసేవాడు. నిజాం రైల్వే వాళ్ళు 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలుపెట్టిన సంస్థ, ఇప్పటి ఆర్టీసీకి తాత లాంటిది. ఆయన సర్వీసు కాయితాలు ఇంట్లో ట్రంకుపెట్టెలో దొరికాయి. వారసుల్లో ఐదుగురే. బతికున్న వాళ్ళనే రాస్తారు కదా. పుట్టింది ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద, కాబట్టి పుట్టుక రాసే అవసరం ఎవరికీ లేదు. ఇక మిగిలింది చావు. అమ్మవారు పోసి పోయిందంటే అది మశూచి, నగరంలో ఆరోగ్య శాఖకి అత్యంత భయం పుట్టించే జబ్బు. కాబట్టి రాసి ఉండాలి.

1969 చట్టంలో 17వ సెక్షన్ ఉంది. నిర్ణీత రుసుము కట్టి ఎవరైనా జనన మరణాల రిజిస్టర్లు వెతికించమని అడగొచ్చు. దొరికితే నకలు ఇస్తారు, దొరక్కపోతే లేదని ఫారం 10 ఇస్తారు (గ్రీన్‌కార్డు వాళ్ళందరికీ పరిచయమున్నదే). ఇంకో మాట, మరణాల రిజిస్టర్ నకల్లో ఎందువల్ల పోయారన్న కారణం ఇవ్వకూడదని అదే సెక్షన్ చెప్తుంది.

నేను ఏ ఆఫీసుల చుట్టూ తిరిగానో రాయను, అందరూ బాగానే మాట్లాడారు. కష్టమల్లా రెండు. ఒకటి కాలెండరు. అప్పటి రికార్డులు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాల్లో ఉన్నాయి. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబర్ మొదటి వారంలో ఆజుర్ నెలతో మొదలవుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా 590, ఆ తర్వాత 591 కలిపితే మన సంవత్సరం వస్తుంది. "1355" చూసి హిజ్రీ అనుకుంటే పదేళ్ళు పక్కకి పోతారు. నేను మొదటి రెండు వారాలు అలాగే పోయాను.

రెండోది పేర్ల స్పెల్లింగు. మన ఫీల్డు వాళ్ళకి ఇది సరదాగా ఉంటుంది. డేటాబేసుల్లో సౌండెక్స్ అనే ఫంక్షన్ ఉంటుంది కదా, దాని పేటెంటు 1918 నాటిది, రాబర్ట్ రసెల్ అనే అమెరికన్‌ది. అచ్చులు వదిలేసి హల్లులకి అంకెలు ఇస్తుంది. లక్ష్మిని ఇంగ్లీషులో 'కె ఎస్ హెచ్'తో రాసినా 'ఎక్స్'తో రాసినా ఎల్250 అనే వస్తుంది, భేష్. కానీ మొదటి అక్షరాన్ని అది ముట్టుకోదు. ఎల్లయ్యని కొందరు 'ఇ'తో, కొందరు 'వై'తో రాస్తారు, అక్కడ తప్పిపోతుంది. వెంకయ్య ఉర్దూలోంచి వచ్చేటప్పుడు 'వి' కావచ్చు, 'డబ్ల్యూ' కావచ్చు, ఎందుకంటే ఉర్దూలో రెంటికీ ఒకటే అక్షరం. ఉర్దూలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు, కాబట్టి నర్సయ్యా నరసయ్యా ఒకటే. ణ, ళ కోసం వెతకడమే దండగ. నేను సాయంత్రాలు కూర్చుని తాత పేరు ఎన్ని రకాలుగా రాయొచ్చో ఒక స్క్రిప్టు రాశాను, నలభై చిల్లర వచ్చాయి. చివరికి దొరికింది ఆ నలభైలో లేదు. మా పక్క వీధిలో ఉండే రిటైర్డ్ ఉర్దూ మాస్టారు జిరాక్సు కాయితాలు కళ్ళ దగ్గర పెట్టుకుని చదువుతూ, "ఇది మీ తాతే కదయ్యా, రాసినవాడికి తెలుగు రాదు, విన్నట్టు రాసుకున్నాడు" అన్నారు. నా స్క్రిప్టు ఆయన ముందు ఎందుకూ పనికిరాలేదు.

ఒక్క వరుస. 1355 ఫసలీ, ఇస్ఫందార్ నెల. అంటే 1946 జనవరి - ఫిబ్రవరి. మొహల్లా చిక్కడపల్లి. తండ్రి పేరు, వృత్తి దగ్గర "ములాజిమ్ ఆర్టీడీ". వయసు ఎనిమిది నెలలు. ఇంటి నంబరు ఉంది గానీ అది ఇప్పుడు చిక్కడపల్లిలో కనిపించే '1-8' తరహాది కాదు, ఇల్లెక్కడో చెప్పలేను. పేరు దగ్గర ఒకే మాట ఉంది: "దుఖ్తర్". కూతురు.

అంతే. తల్లి పేరు లేదు. కారణం నకల్లో రాదు. నాయనమ్మ అమ్మవారని చెప్పింది, నేను అదే నమ్ముతాను. దేశంలో మశూచి చివరి కేసు 1975లో వచ్చింది, నేను పుట్టడానికి రెండేళ్ళ ముందు.

ఆ కాయితం తీసుకుని చిక్కడపల్లి వెళ్ళాను. నాన్నకి ఇప్పుడు డెబ్బై దాటింది. తెలుగులో రాసుకొచ్చింది చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎన్నిసార్లు ఐదుగురే అన్నాన్రా నేను, ఆమె ఎదురుగానే" అన్నాడు. నేనేం చెప్పగలను? నాకు ఆమె నోరు తెరిచి చెప్పింది, నేనూ క్రికెట్‌కి పోయినవాణ్ణే.

కాసేపాగి "పేరేమన్నా చెప్పిందా నీకు?" అని అడిగాడు. చెప్పింది. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక్కసారి విన్న పేరు, అదృష్టం కొద్దీ నాకు గుర్తుంది. ఆ పేరు ఇక్కడ రాయను, అది మా ఇంట్లోది. నేను కంప్యూటర్లో వేసుకున్న వంశవృక్షం ప్రింటు ఆయన ముందు పెట్టాను. ఆయన పెన్ను తీసుకుని తన పేరుకి ఎడమ పక్కన, తన కంటే ముందు, ఆ పేరు రాశాడు. కింద "అక్క" అని రాశాడు. డెబ్బై దాటాక మొదటిసారి.

సర్కారు రిజిస్టర్లో ఆ గడి అలాగే ఉంటుంది. అందులోకి ఇప్పుడు పేరెక్కించే దారి లేదు. ఆ గుమాస్తా మీద నాకు కోపం కూడా లేదు. అతనికి కావాల్సింది ఎంతమంది పోయారన్న లెక్క, ఆ లెక్క నిజాయితీగా వేశాడు. ఆ ఒక్క వరుస లేకపోతే నాయనమ్మ మాటకి రుజువు లేదు. నాయనమ్మ మాట లేకపోతే ఆ వరుసకి పేరు లేదు. రెండూ కలిస్తే గానీ ఒక మనిషి కాలేదు.

కాబట్టి మీకు చెప్పేది ఒక్కటే. రిజిస్టర్లు ఎక్కడికీ పోవు. పోయినా తార్నాకలో ఆర్కైవ్స్ ఉంది, తహసీల్దారు ఆఫీసులో పహాణీలున్నాయి, తీరిగ్గా వెతకొచ్చు. ఇంట్లో పెద్దావిడ ఉంటే ముందు ఆవిడ దగ్గర కూర్చోండి. వాళ్ళమ్మ పేరేంటో అడగండి, వాళ్ళమ్మమ్మ ఏ ఊరిదో అడగండి. ఎంతమంది పిల్లలో అడిగి, ఆవిడ చెప్పిన అంకె మీకు తెలిసినదానితో కలవకపోతే దిద్దకండి. రాసుకోండి.